మామగారి కారులో రేడియో

గురువారం పొద్దున చిన్నల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లేలోపు షెడ్డులోకి దూరి, మామగారి పాత కారు డాష్‌బోర్డు చెక్కకు పాలిష్ పట్టి, స్టీరింగు ముందు కాసేపు కూర్చుని మురిసిపోవాలి. నెలల తరబడి విప్పదీసి, కడిగి, రంగు వేసిన ఆ కారు ముందురోజు సాయంత్రమే ఇంటికి చేరింది. ఆదివారం మామగారూ అత్తగారూ దాన్ని చూడటానికి వస్తున్నారు.

ఆ కారు మామగారికి కూతుళ్లకంటే ముందు పుట్టిన సంతానం. దాన్ని బాగుచేయించే పని అప్పగిస్తూ ఆయన ఒకే ఒక షరతు పెట్టారు. కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉండాలి, ఒక్క మర కూడా పరాయిది కాకూడదు. చిన్నల్లుడు ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. దానికో కారణం ఉంది. తోడల్లుణ్ని మామగారు నోరారా "పెద్దల్లుడుగారూ" అని పిలుస్తారు. ఇతన్ని మాత్రం పెళ్లినాటి నుంచీ "ఏమోయ్" తోనే సరిపెడుతున్నారు. నీటి మీటర్ల ఆఫీసులో గుమాస్తాకు అంతకుమించి ఎందుకనుకున్నారో ఏమో. చిన్నల్లుడికి మామగారి ఆస్తి అక్కర్లేదు. ఆ "గారు" ఒక్కటి దక్కితే చాలు.

పాలిష్ గుడ్డ డాష్‌బోర్డు మధ్యకు వచ్చేసరికి చెయ్యి లోపలికి దిగబడింది. అక్కడ పలకంత కన్నం ఉంది. పాతకార్ల ఫొటోలు చూసిన ఎవరికైనా తెలుసు, ఆ చోట ఉండేది రేడియో. చిన్నల్లుడికి వెంటనే అర్థమైపోయింది. ఎవరో మామగారి రేడియో కొట్టేశారు. అదీ తన చేతికి అప్పగించిన కారులోంచి. అంతకుముందు అక్కడ రేడియోను తన కళ్లతో చూశాడా అంటే, చూసే యోగం ఎప్పుడు పట్టింది గనక. ముందు సీటు పెద్దల్లుడుగారిది. వెనక సీట్లోంచి ఇతనికి మామగారి బట్టతల తప్ప ఇంకేమీ కనబడేది కాదు. బాగుచేయించడానికి వచ్చినప్పుడు కూడా కారు టార్పాలిన్ కప్పుకుని వచ్చి, నేరుగా రంగుల షాపుకే పోయింది.

సరిగ్గా అప్పుడే భార్య టీ గ్లాసుతో షెడ్డు గుమ్మంలోకి వచ్చి, రంగు పనాయన నిన్న వెళ్తూ వెళ్తూ అని ఏదో మొదలుపెట్టింది. చిన్నల్లుడు ఒక్క గెంతులో బయటికి వచ్చి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. మీ నాన్నగారు వచ్చేదాకా ఎవరూ చూడకూడదు, తర్వాత మాట్లాడదాం అని పంపేశాడు. ఆమెకు చెబితే సాయంత్రం ఫోన్లో వాళ్లమ్మకు చేరుతుంది, రాత్రికి మామగారికి చేరుతుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని అతనికి బాగా తెలుసు.

రంగు పనాయనకు ఫోన్ చేసి, నేరుగా అడిగితే బాగుండదని, కారులో ఏమైనా తగ్గిందా అని చుట్టుతిప్పి అడిగాడు. మా తాతల నాటి షాపులో ఒక్క స్క్రూ పోయిన చరిత్ర లేదని ఆయన కస్సుమని ఫోన్ పెట్టేశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని చిన్నల్లుడు నిశ్చయించుకున్నాడు. అయినా దొంగను పట్టుకోవడానికి టైమేదీ? ఆదివారంలోపు అలాంటి రేడియోనే మరొకటి సంపాదించాలి. ఆఫీసుకు ఫోన్ చేసి, పన్ను నొప్పి, రాలేనని చెప్పేశాడు.

ఊరి చివర పాత ఇనుప సామాన్ల యార్డు నడిపే పెద్దాయనను అందరూ బోల్టు బాబాయి అంటారు. ఆయన గుట్టలన్నీ తిరగేసి, మధ్యాహ్నానికి ఒక రేడియో బయటికి లాగాడు. అదే కంపెనీది. కాకపోతే అంతకంటే పెద్ద కారుది, పైగా తిప్పే బొత్తాలు లేవు. బాబాయి డబ్బు ముట్టనన్నాడు. మామగారి కారు చక్రాలకుండే మెరుపు మూతలు నాలుగూ ఇస్తేనే రేడియో అన్నాడు. చిన్నల్లుడు కాసేపు తల్లడిల్లి, తర్వాత సమాధానపడ్డాడు. కారులో కూర్చున్న మనిషికి రేడియో ముక్కు ముందే ఉంటుంది, చక్రాలు ఎవరికి కనబడతాయి?

ఇక బొత్తాలు. ఊళ్లో అలాంటి కారు ఇంకొకటే ఉంది, అది పళ్ల డాక్టరుది. శుక్రవారం అక్కడికి వెళ్తే, అపాయింట్‌మెంటు లేనిదే డాక్టరు ఎవరితోనూ మాట్లాడడని ఆయన నర్సు చెప్పడంతో చిన్నల్లుడు పేషెంటుగానే లోపలికి వెళ్లాడు. కుర్చీలో వెనక్కి వాలాక నోరు తెరిపించారు. తెరిచిన నోట్లో చూస్తే డాక్టరుకు పని కనబడకుండా ఎలా ఉంటుంది? రేడియో బొత్తాల సంగతి ఎత్తేలోపే ఒక పన్ను తొలిచి, సిమెంటు కూరి, దవడ సగం మొద్దుబారించి వదిలిపెట్టాడు. బేరం మాత్రం చక్కగా కుదిరింది. తన కారు బానెట్ మీది కొంగ బొమ్మ ఎప్పుడో విరిగిపోయిందట. మామగారి కారు మీది కొంగను ఇస్తే తన రేడియో బొత్తాలు రెండూ ఊడదీసి ఇస్తానన్నాడు. సీట్లో కూర్చుంటే కొంగ తోకే కదా కనబడేది, తోక కోసం ఎవరూ ఏడవరని చిన్నల్లుడు మళ్లీ సమాధానపడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య షెడ్డు దగ్గరే నిలబడి ఉంది. ఒక సంగతి చెప్పాలండీ అంది. ఆ క్షణంలో అతనికి ఏడుపొచ్చినంత పనైంది. నిజం చెప్పేసి బరువు దించుకుందామనే అనుకున్నాడు. కానీ దవడ తిమ్మిరికి మాట ముద్దముద్దగా వచ్చింది. ఆమె జాలిపడి, మాట్లాడకండి అని చెప్పి, లోపలికి తీసుకుపోయి పడుకోబెట్టింది.

శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. రేడియో కన్నానికి సరిపోలేదు. అంతకుముందే వెతికి వెతికి విసిగి ఉన్న చిన్నల్లుడు, కన్నమే పెద్దది చెయ్యమన్నాడు. నున్నగా మెరుస్తున్న డాష్‌బోర్డు చెక్కను రంపం కోస్తుంటే కళ్లు మూసుకున్నాడు. ఎలక్ట్రీషియన్ లోపల చెయ్యి పెట్టి తడిమి, తల గోక్కున్నాడు.

"ఇక్కడికి వైరు వచ్చిన జాడే లేదండీ."

"వైరు కూడా కోసుకుపోయాడు. పనితనం తెలిసిన దొంగ."

"ఏరియల్ ఎక్కడుండేదండీ? మడ్‌గార్డు మీద కన్నం కూడా లేదు."

"రంగు వేసేవాడు పూడ్చేసి ఉంటాడు."

ఎలక్ట్రీషియన్ అతని ముఖంకేసి ఒకసారి చూసి, పనిలో పడ్డాడు. కొత్త రంగు మీద కన్నం తొలిచి ఏరియల్ నిలబెట్టాడు. కరెంటుకు దారి లేక హారన్ తీగను తెచ్చి రేడియోకు కలిపాడు. అక్కడ చిన్న మెలిక ఉందని కూడా చెప్పాడు. ఇకనుంచి హారన్ నొక్కితే హారన్ మోగదు, రేడియో మోగుతుంది. సాయంత్రం భార్య మళ్లీ షెడ్డు తలుపు తట్టింది. రేపు చూద్దువుగాని అని లోపలినుంచే కేకేశాడు.

ఆదివారం మామగారు వచ్చారు. షెడ్డు తలుపులు తెరిచాక కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. మూతల్లేని చక్రాల దగ్గర ఒకసారి ఆగారు. కొంగ ఎగిరిపోయిన బానెట్ మీద వేలు రాశారు. గాలానికి కట్టిన కర్రలా నిలబడ్డ ఏరియల్‌ను కిందినుంచి పైదాకా చూశారు. చిన్నల్లుడు గబగబా కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపల కూర్చోండి, అసలు సంగతి లోపలే ఉంది అన్నాడు. మామగారు కూర్చుని, అలవాటు కొద్దీ హారన్ నొక్కారు. రాగల ఇరవై నాలుగు గంటల్లో అక్కడక్కడా చిరుజల్లులు పడవచ్చని ఎవరో ఆడమనిషి గంభీరంగా చెప్పింది.

మామగారు చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఈ కారులో రేడియో ఎప్పుడు చూశావోయ్?"

చిన్నల్లుడి నోట మాట రాలేదు. ఈసారి తప్పు దవడది కాదు. ఈలోగా భార్య ఇంట్లోకి వెళ్లి, బీరువాలోంచి పాత చీర ముక్కలో చుట్టిన వస్తువొకటి తెచ్చింది. విప్పితే పలకంత రేకు, తళతళా మెరుస్తోంది.

"రంగు పనాయన ఇచ్చి వెళ్లాడండీ, డాష్‌బోర్డుది, జాగ్రత్త అని. కారు కొన్నప్పుడు నాన్న రేడియో వద్దంటే కంపెనీవాళ్లు ఆ కన్నానికి బిగించిన మూత ఇది. చెబుదామని మూడుసార్లు వచ్చాను. మీరు తలుపేసేశారు."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని విన్నాం గానీ, చిన్నల్లుడు అంతకంటే ఒక మెట్టు పైన ఉన్నాడు. పుట్టని పిల్ల కోసం వెతుకుతూ ఉన్న పిల్లల్ని పంచిపెట్టి వచ్చాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన ఆ మనిషి, రేడియో ఇప్పుడే పీకేస్తానని స్క్రూడ్రైవర్ కోసం తడుముకున్నాడు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ అత్తగారు నెమ్మదిగా వచ్చి, ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. చెయ్యి చాపి మామగారి ముందున్న హారన్ నొక్కారు. వాతావరణం అయిపోయినట్టుంది, వయొలిన్ మొదలైంది. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది.

"కాపురానికి వచ్చిన కొత్తలో అడిగాను, ఒక్క రేడియో పెట్టించండి అని. దారి మీద ధ్యాస పోతుందన్నారు. ఇన్నేళ్లకు నా అల్లుడు పెట్టించాడు. దీని మీద ఎవరు చెయ్యి వేస్తారో నేనూ చూస్తాను."

ఎవరూ చెయ్యి వేయలేదు. మామగారు కారు దిగి, కూతురి చేతిలోంచి రేకు తీసుకుని, కోసిన కన్నంలోంచి పొడుచుకొచ్చిన రేడియో వైపు చూశారు. ఇక ఆ రేకు బిగించడానికి ఈ లోకంలో చోటు లేదని ఆయనకు అర్థమైంది. చక్రాల వైపు చూశారు. బానెట్ వైపు చూశారు. లోపల ఆయన భార్య హారన్ మీద చెయ్యి అలాగే ఉంచి, కళ్లు మూసుకుని వయొలిన్ వింటున్నారు.

"అల్లుడుగారూ," అన్నారు.

ఇన్నేళ్లుగా కలలోనూ మెలకువలోనూ ఎదురుచూసిన మాట చెవిన పడేసరికి చిన్నల్లుడి కళ్లు చెమర్చాయి. చేతులు కట్టుకుని ఒక అడుగు ముందుకు వేశాడు.

"రేడియో భేషుగ్గా ఉందండీ. ఇక దీనికి తగ్గ కారు వెతకండి."