గేర్‌బాక్స్ తర్వాత మోకాలు

ఇంట్లో తిరిగే కారు ఉండటం దరిద్రం. విప్పేసిన కారు ఉండటం అదృష్టం! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా అక్కా బావల ఇంటి గరాజులో నాలుగేళ్లుగా స్పానర్లు అందించి, అక్క చేతి టీ తాగి మరీ తేల్చిన నిజం ఇది.

తిరిగే కారు ఏం చేస్తుందో చెప్పండి? పెట్రోలు తాగుతుంది. పోలీసులకు దొరుకుతుంది. చుట్టాలు దిగారంటే స్టేషనుకు పరుగెత్తిస్తుంది. విప్పేసిన కారు అలా కాదు, నోట్లో నాలుక లేనట్టు నాలుగు స్టాండ్ల మీద బుద్ధిగా కూర్చుంటుంది. అద్దం ఒకచోట, చక్రాలు ఒకచోట, ఇంజిన్ ఇంకోచోట. దాన్ని ఎవరైనా అరువు అడగగలరా? దొంగ మాత్రం ఎత్తుకుపోగలడా? పాపం, వాడు కనీసం ఏడుసార్లు రావాలి!

మా బావ ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. ఊళ్లో ఏ భవనంలో లిఫ్టు పైకి వెళ్లాలన్నా కింద ఆయన సంతకం ఉండాలి. అంత బాధ్యత గల మనిషి ఒకరోజు అరవై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. మీరు గమనించాల్సింది ఏమిటంటే, ఆ కారు నడిచేది. అమ్మినాయన ఇంటి నుంచి బావే నడుపుకొచ్చాడు. అక్క చెప్పులైనా వేసుకోకుండా గబుక్కున ఎక్కి కూర్చుంది. ఇద్దరూ వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. అక్క చెదిరిన జుట్టుతో నవ్వుతూ దిగింది. బావ మొహం చిట్లించుకుని దిగాడు. ఎడమవైపు తిప్పినప్పుడు ఎక్కడో కిర్రుమందట.

ఆ కిర్రు సంగతి చూద్దామని మర్నాడు ఎడమ చక్రం విప్పాడు. చక్రం విప్పాక దాని వెనకున్నది విప్పకుండా వదిలేయడం మర్యాదేనా? ఎడమది విప్పాక కుడిదానికి అన్యాయం చేయొచ్చా? ఆరు నెలలు తిరిగేసరికి విప్పడానికి నంబరు ప్లేటు తప్ప ఏమీ మిగల్లేదు. కారు సామానంతా ఉంది, కారే లేదు.

ఆ సామానుకు గరాజు చాలలేదు. అందుకని బావ ఇంట్లో అంతకుముందే ఉన్న తిరిగే కారును అమ్మేసి, తిరగని కారుకు చోటు చేశాడు. ఇంతటి దూరదృష్టి మనలో ఎంతమందికి ఉంది?

ఇక ఇంటికి కలిగిన మేలు అంతా ఇంతా కాదు. బేరింగును ఫ్రీజర్లో పెడితే కాస్త కుంచించుకుపోయి, బిగించేచోట సుతారంగా కూర్చుంటుందట. కాబట్టి ఐస్‌క్రీం డబ్బా తెరిస్తే బేరింగు. ఇంజిన్ మూతకు వేసిన రంగు గట్టిపడాలంటే ఓవెన్లో పెట్టాలట. కాబట్టి అక్క కేకులు చేయడం మానేసింది, ఇంటిల్లిపాదికీ షుగర్ భయం వదిలింది. ముందద్దం అక్క మంచి దుప్పటి కప్పుకుని మంచం కింద పడుకుంది. బానెట్టును వీధి తలుపుకు ఆనించడంతో ఆ తలుపు తెరవడమే మానేశారు. అమ్మకాలవాళ్ల బెడద తప్పిపోయింది!

పద్ధతి విషయంలో మా బావకు ఎవరూ సాటిరారు. ప్రతి బోల్టుకూ ఒక కవరు, ప్రతి కవరుకూ ఒక చీటీ. ఎక్కడిది, ఎన్ని మరలు, ఎంత బిగువుతో బిగించాలి, అన్నీ రాసి పెట్టాడు. పెళ్లిరోజు ఎప్పుడని అడిగితే తడుముకుంటాడేమో గానీ, ఏ బోల్టు గురించైనా నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మనసు పెట్టి చేసే పని అంటే అదీ.

రెండేళ్ల కిందట, బల్లమీద గేర్‌బాక్స్ లోపలి భాగాలు విప్పుతుంటే స్ప్రింగు రింగొకటి ఎగిరిపడింది. చిటికెనవేలి గోరంత ఉంటుంది. బావ రెండు చేతులతో ఏదో పట్టుకుని ఉన్నాడు, వదిలితే మిగతావీ ఎగిరిపోతాయి. అందుకని అక్క టార్చి తీసుకుని సిమెంటు నేలమీద మోకాళ్ల మీద పాకుతూ పూటంతా వెతికింది. చివరికి ఒక పాత టైరు లోపల దొరికింది. ఆ రింగును చూసి బావ పడ్డ సంబరం మీరు చూసి తీరాల్సింది! లేవబోయిన అక్క కుడి మోకాలు పట్టేసిన సంగతి ఆ సంబరంలో ఎవరూ చూడలేదు. ఎవరూ అంటే బావా, నేనూ.

మా అక్క లెక్కల టీచరు. క్లాసు మూడో అంతస్తులో. ఆ స్కూలుకు లిఫ్టు లేదు, కాబట్టి అది బావ పరిధిలోకి రాదు. అక్క రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ పెట్టుకుంటూ ఎక్కడం మొదలెట్టింది. ఆమె పైకి చేరేసరికి పిల్లలు సగం లెక్కలు ఒకరివి ఒకరు చూసి ఎక్కించేసుకునేవారు. పిల్లలకు స్వావలంబన నేర్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఉందా?

బావ పట్టించుకోలేదని మాత్రం అనుకోకండి, కళ్లు పోతాయి! ఆయన స్వయంగా పరీక్ష చేశాడు. ఇంజిన్లో శబ్దం ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడానికి మెకానిక్కులు పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటారు. అదే స్క్రూడ్రైవరును అక్క మోకాలి చిప్పకు ఆనించి, కాలు ఆడించమని కళ్లు మూసుకుని విన్నాడు.

“బేరింగు బాగానే ఉంది. గ్రీజు తగ్గింది,” అన్నాడు.

ఎముకల డాక్టరుకు చూపించుకుంటానని అక్క అంది. అందుకు బావ అడ్డు చెప్పలేదు. టాక్సీకి మాత్రం ససేమిరా అన్నాడు. ఊళ్లో టాక్సీలన్నిటికీ షాకబ్జార్బర్లు చచ్చిపోయి ఉంటాయనీ, ఆ కుదుపులకు ఉన్న మోకాలు కాస్తా ఊడిపోతుందనీ గంటసేపు వివరించాడు. మన కారుకు కొత్త స్ప్రింగులు వేస్తున్నాడు కదా, అందులోనే పువ్వులా తీసుకెళ్తానన్నాడు. ఒక్క గేర్‌బాక్స్ అయిపోతే చాలట. పనుల పుస్తకం తెరిచి నా కళ్లముందే రాసుకున్నాడు: గేర్‌బాక్స్, ఆ తర్వాత మోకాలు.

తనంతట తను వెళ్లొచ్చు కదా అని మీరు అడుగుతారు. రెండుసార్లు చెప్పులేసుకుంది. మొదటిసారి వైర్లు లాగుతున్నాననీ, అటు చివర పట్టుకోవడానికి ఇంకో చేయి కావాలనీ బావ పిలిచాడు. రెండోసారి డాష్‌బోర్డుకు వేసిన రంగు ఆరేదాకా గరాజు తలుపు తీయొద్దన్నాడు, దుమ్ము పడుతుందట. వీధి తలుపుకు బానెట్టు అడ్డం, బయటికి దారి గరాజులోంచే మరి. అదీగాక, వీధి చివరిదాకా వెళ్లొచ్చిన ఆ రోజును అక్క మరచిపోలేదు. ఆ కారులోనే వెళ్దామన్నాడు కదా అని నిజంగానే ఎదురుచూసింది. ఈ ఒక్క ముక్క నేను వెటకారంగా అనడం లేదు.

ఈ ఏడు కూడా మెట్లెక్కలేకపోతే ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుందని హెడ్మిస్ట్రెస్ మెత్తగా చెప్పింది. ఆ సంగతి అక్క గరాజులో మా ఇద్దరికీ చెప్పింది. బావ సన్న గీతలున్న కొలబద్దతో ఏదో కొలుస్తున్నాడు, మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుంది. అక్క నావైపు చూసింది. నేను కారువైపు చూశాను. ఆ రెండేళ్లలో ఆమె నావైపు చూసినప్పుడల్లా నేను చేసిన పని అదే.

ఎట్టకేలకు పోయిన నెలలో కారు పూర్తయింది. అబద్ధం ఎందుకు, చూడటానికి రెండు కళ్లూ చాలలేదు! అందులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. ఎడమకు తిప్పినా కుడికి తిప్పినా చప్పుడన్నది లేదు. రంగు వేసిన పక్కింటి పెయింటరు కూడా వచ్చి నిలబడ్డాడు. బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, డాక్టరు దగ్గర టైము తీసుకుని, అక్క కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు.

స్పోర్ట్స్ కారు సీటు ఎంత ఎత్తులో ఉంటుందో మీకు తెలుసా? రోడ్డుకు జానెడు ఎత్తున. అందులో కూర్చోవాలంటే మోకాలు పూర్తిగా మడిచి కిందికి దిగాలి. అక్క మోకాలు మడవడం మానేసి ఏడాది దాటింది. తలుపు పట్టుకుని ప్రయత్నించింది. నా భుజం పట్టుకుని ప్రయత్నించింది. వెనక్కి తిరిగి ముందు నడుము దించబోయి, నొప్పికి పెదవి కొరుక్కుని లేచిపోయింది. వెంట్రుకలో పదోవంతు తేడాను కూడా ఒప్పుకోని మా బావ, పెళ్లాం మోకాలికీ ఆ సీటుకూ మధ్య ఎంత దూరమో నాలుగేళ్లలో ఒక్కసారీ కొలవలేదు.

అయినా ఆయన డీలా పడే రకం కాదు. వెంటనే టేపు తీసి కొలిచాడు.

“సీటు నాలుగంగుళాలు లేపితే సరిపోతుంది. నేల రేకు విప్పాలంతే. మహా అయితే రెండు నెలలు,” అన్నాడు. అప్పటికే జాకీ చేతిలో ఉంది.

అక్క ఆ ఎర్ర తలుపు మీద చెయ్యి వేసింది. తర్వాత దాన్ని నెమ్మదిగా మూసింది.

“మీరు విప్పుకోండి. నేను వెళ్లొస్తాను,” అంది.

పెయింటరు వ్యానులో వెళ్లాం. దాని సీటు ఎత్తుగా ఉంటుంది, అక్క కాలు చాపుకుని కూర్చుంది. వెనక నిచ్చెనలూ డబ్బాలూ దారిపొడవునా మోత మోగించాయి. షాకబ్జార్బర్లు నిజంగానే చచ్చిపోయాయి. అయినా మోకాలు ఊడిపోలేదు, పావుగంటలో ఆసుపత్రి చేరాం. రెండేళ్లుగా వెళ్లలేకపోయిన దూరం అది!

డాక్టరుగారు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగారు. రెండేళ్ల కిందట వచ్చి ఉంటే మందులతో, వ్యాయామంతో పోయేదట. ఇప్పుడు మోకాలు తెరిచి, అరిగిపోయింది తీసేసి, కొత్తది పెట్టి మళ్లీ అమర్చాలట. ఎందుకు రాలేదో చెప్పాల్సిన వాళ్లలో సగం మందిని నేనే కాబట్టి, గోడమీది అస్థిపంజరం బొమ్మను శ్రద్ధగా చూడసాగాను.

అక్క నొప్పి ఉంటుందా అని అడగలేదు. ఎన్నాళ్లకు నడుస్తానని కూడా అడగలేదు. ఒక్కటే అడిగింది.

“విప్పిన రోజే బిగించేస్తారు కదండీ?”

డాక్టరుగారు జోకనుకుని నవ్వారు. అక్క నవ్వలేదు, జవాబు కోసం ఆయన మొహం వైపే చూస్తోంది.