గుమ్మడి బీరుకు పురపాలక ముద్ర

ఈ ఏడాది నుంచి మా ఊళ్లో శరదృతువు ఆగస్టు పదో తారీఖునే మొదలవుతుందని మేయర్ హాడ్లీ గారు ప్రకటించారు. శరదృతువు వచ్చాక తెరవాల్సిన గుమ్మడి బీరు పీపాలను నిరుడు పక్కూరు ఎల్డన్ వాళ్లు ఆగస్టు పదిహేనుకల్లా తెరిచి మా పరువు తీశారు. ప్రకృతిని నమ్ముకుంటే ఇంతేనని గ్రహించిన నాయకుడు మా వైపు ఈయనొక్కరే.

ఆ రోజు మాడు పగిలే ఎండ. ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైనవాణ్ణి, ప్రభుత్వాజ్ఞ అంటే నాకు గౌరవం. అందుకని స్వెట్టర్ వేసుకునే ఏమస్ బీరుశాలకు వెళ్లాను. మేయరు గారు ఉన్నికోటులో, మఫ్లరుతో, నిలువునా తడిసి ఉన్నారు. గ్లాసెత్తి ఒక గుక్క తాగి, కళ్లు మూసుకున్నారు.

"ఇదీ మన మట్టి రుచి! ప్రతి చుక్కలో మన ఊరి గుమ్మడే!"

చప్పట్లు ఆగాక వెనక నుంచి ప్రూడెన్స్ కాబ్ లేచింది. ఊరి బీరుకు ఊరి గుమ్మడేనని వసంతంలో మేయరు గారిచ్చిన మాట నమ్మి, మొక్కజొన్న మానేసి తొమ్మిదెకరాలూ గుమ్మడి వేసిన రైతు ఆవిడ.

"మేయర్ గారూ, నా కాయలింకా పిడికెడేసి ఉన్నాయి, పచ్చివి. మరి ఇందులో ఎవరి గుమ్మడి పడిందండీ?"

అందరూ ఏమస్ వైపు చూశారు. ఏమస్ అప్పటికే తుడిచిన గ్లాసును మళ్లీ తుడవసాగాడు.

"ఆగస్టులో గుమ్మడికాయ ఎక్కణ్ణించి తేను? దాల్చినచెక్క, జాజికాయ, లవంగం. అందరూ వేసేదే నేనూ వేశా."

"చూశారా నిజాయితీ!" అన్నారు మేయరు గారు. "ప్రూడెన్స్ గారూ, గుమ్మడంటే కాయ కాదు, అనుభూతి. అయినా నా మాట మాటే. మీ పంట చేతికి రానివ్వండి. దాంతో బీరు కాచి తెండి. నేనే రుచి చూసి పురపాలక ముద్ర వేస్తాను. ముద్ర పడ్డాక మీ కాయలన్నీ ఏమస్ కొంటాడు."

ఏమస్ ఇంకో గ్లాసు తీసుకున్నాడు.

సెప్టెంబరు ఆఖరుకి క్యాలెండర్లో కూడా శరదృతువు వచ్చింది. అక్టోబరు ఆఖరుకి ప్రూడెన్స్ తన గుమ్మడికాయలు కాల్చి, మెదిపి, కొట్టంలోనే బీరు కాచి జగ్గుతో ఏమస్ బీరుశాలకు తెచ్చింది. బయట ట్రక్కు నిండా కాయలు. మిగతావి ఇంకా పొలంలోనే ఉన్నాయి. ముద్ర పడకపోతే అక్కడే కుళ్లిపోతాయి. నాకూ ఒక గ్లాసు పోసింది. మసాలాల గోలలేని మంచి బీరు. బయట ఆ ట్రక్కును చూస్తే నాకు నిజంగానే దిగులేసింది.

మేయరు గారు చప్పరించి మొహం చిట్లించారు. "ఇందులో గుమ్మడేదీ?"

"అంతా గుమ్మడేనండీ."

"ఇరవై ఏళ్లుగా గుమ్మడి బీరు తాగుతున్నాను, గుమ్మడెలా ఉంటుందో నాకు చెబుతారా? ఈ కల్తీ సరుక్కి ముద్ర వేస్తే ఎల్డన్ వాళ్లు నవ్వరూ?"

ప్రూడెన్స్ జగ్గు చేతిలోకి తీసుకుంది. బల్ల వెనక్కి వెళ్లి, ఏమస్ దాల్చినచెక్క పొడి డబ్బా అందుకుని, రెండు చెంచాలు జగ్గులో వేసి కలిపింది. మళ్లీ పోసింది.

మేయరు గారు తాగారు. కళ్లు మూసుకున్నారు.

"ఇదీ! ఇదీ మన మట్టి!"

ముద్ర దభీమని పడింది. ఫొటో కూడా తీశారు.

ప్రూడెన్స్ కళ్లజోడు పెట్టుకుని డబ్బా తిప్పి, మీద రాసింది పైకి చదివింది.

"శ్రీలంక."

ఇంకొకరైతే తడబడేవారు. మేయరు గారు ఆప్యాయంగా ఆవిడ భుజం తట్టారు.

"మరి గుమ్మడెందుకు వేశారమ్మా? వచ్చే ఏడు ఆ తొమ్మిదెకరాల్లో ఇది వెయ్యండి. ఊరి బీరుకు ఊరి దాల్చినచెక్కే. నా మాట!"

ఏమస్ ఇంకో గ్లాసు తీసుకున్నాడు.