నైరుతి మూల నా బరువు

స్పిన్ అవ్వని వాషింగ్ మెషీన్‌ని బాగుచేయించుకోవడం కంటే తెలివితక్కువ పని ఇంకొకటి లేదు! మెకానిక్‌కి ఫోన్ చెయ్యబోతున్న అక్కచెల్లెళ్లారా, ఆ ఫోన్ కాస్త పక్కన పెట్టి ముందు ఇది చదవండి.

తిరిగే మెషీన్ వల్ల మనకి ఒరిగేదేమిటి? బట్టలు త్వరగా ఆరుతాయి. అంతేగా! తిరగని మెషీన్ నాకేమిచ్చిందో చెప్పానంటే, మీ మెషీన్‌ని మీ చేతులతో మీరే పాడుచేసుకుంటారు.

మాది ఆమదాలవలస. మా మామగారు నగరేశ్వరరావు గారికి స్టేషన్ రోడ్డులో బియ్యం కొట్టు. వాస్తు అంటే ఆయనకి ప్రాణం. ఇంట్లో గచ్చంతా ఈశాన్యానికి వాలుగా పోయించారు. మా ఇంట్లో గోళీకాయ ఎక్కడ జారవిడిచినా బుద్ధిగా ఈశాన్యం మూలకే పోయి ఆగుతుంది. పాప పాకడం మొదలెట్టాక అదీ అటే పోతోంది! బరువులన్నీ నైరుతిలో ఉండాలి కాబట్టి కొత్త మెషీన్‌ని పెరటి వసారాలో నైరుతి మూల పెట్టించి, పసుపు రాయించి, కొబ్బరికాయ కొట్టారు.

మెషీన్ బట్టలు ఉతికింది. జాడించింది. తీరా పిండే వేళకి గడగడా వణికి, జానెడు ముందుకి నడిచి, కుయ్యోమని ఆగిపోయింది. నేనసలే భయస్తురాలిని. పేలిపోతుందేమోనని పాపని చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తాను.

మెకానిక్ జగన్నాధం వచ్చాడు. వెనక రేకు విప్పి బెల్టు మార్చాడు. తిరగలేదు. మోటారు విప్పి మళ్లీ బిగించాడు. తిరగలేదు. ఫిల్టర్లోంచి పాప సాక్సు తీసి, దొంగ దొరికినట్టు అందరికీ చూపించాడు. అయినా తిరగలేదు. చివరికి గ్లాసుతో మంచినీళ్లడిగాడు. ఇస్తే తాగకుండా మెషీన్ మీద పెట్టి, వంగి చూశాడు.

"ఇదేటండీ బావూ, మెషీను ఒరిగిపోయున్నాది! ఈ పక్క కాళ్లు కాస్త ఎత్తీమంటే సరిపోతాది."

"ఏ పక్క?" అన్నారు మామగారు.

"ఇదిగోండి, ఈ ఈశాన్యం పక్క."

"ఈశాన్యం ఎత్తుతావా? నా కొట్టు మూయించీడానికొచ్చావేటిరా!"

"పోనీ, ఆ పక్క కాళ్లు దించీమంటారా?"

"నైరుతి దించితే ఇంటి యజమానికి గండం! ఈ ఇంటికి యజమాని ఎవలనుకున్నావు?"

జగన్నాధం స్పానర్లు సంచిలో పడేసుకున్నాడు. "అలగైతే బావూ, దీని మీద ఒక మనిషిని కూకోబెట్టండి. ఆ బరువుకి కదలకుండా తిరుగుతాది" అన్నాడు.

అతను వేళాకోళానికే అన్నాడు. కానీ మా ఇంట్లో వేళాకోళాలు చెల్లవు. అత్తగారు పార్వతీదేవి గారు నన్ను ఎగాదిగా చూశారు.

"నైరుతిలో బరువు మంచిదే గదా! ఎక్కవే."

ఎక్కాను. తిరిగింది!

ఇక మహిమలు వినండి. ఏ జోలపాటకీ లొంగని మా పాప, ఒళ్లో దిండేసి పడుకోబెట్టుకుంటే ఆ కుదుపుకి చిటికెలో నిద్రపోయేది. బుర్ర అదిరిపోతుందేమోనని నాకు ఒకటే బెంగ. దాని తల పట్టుకుని నేను వణుకుతుంటే, నన్ను పట్టుకుని మెషీన్ వణికేది.

పక్కింటి జగ్గమ్మ గారు తన నడుంనొప్పికి పనిచేస్తుందేమోనని ఒకసారి ఎక్కి చూశారు. "ఎంతమంది డాక్టర్లకి సూపించినా తగ్గలేదే! ఒళ్లంతా కుదిపీసి, పట్టేసిన నరాలన్నీ వదిలించీసింది!" అన్నారు. మర్నాడు తువ్వాలు భుజాన వేసుకుని మళ్లీ వచ్చారు. కరెంటు లేదని అబద్ధమాడి పంపేశాను. నా సీటు నేనెందుకు వదులుకుంటాను?

ఎందుకంటారా? ఇంటర్ రెండో ఏడు మధ్యలో నాకు పెళ్లయింది. మిగిలిన పరీక్షలు ప్రైవేటుగా కడతానంటే ఈ ఇంట్లో ఎవరూ కాదనలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి. "సదువుకో, ఎవలొద్దన్నారు? పనయ్యాక సదువుకో" అన్నారు అత్తగారు.

పనయ్యాక! ఇంటిపని అయిపోవడం కళ్లారా చూసినవారు పాఠకుల్లో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. నేను పుస్తకం తెరిస్తే చాలు, పాలు పొంగేవి, పాప ఏడ్చేది, మామగారికి కళ్లజోడు కనబడేది కాదు. "ఏటి కూకున్నావు, లే" అనేవారు అత్తగారు.

కానీ మెషీన్ మీద నేను కూర్చోవడం లేదు కదా, పని చేస్తున్నాను! నన్ను దింపితే బట్టలు ఆరవు. అందుకని ఎకనామిక్స్ పుస్తకం పట్టుకుని ఎక్కేదాన్ని. అక్షరాలు గంతులేసేవి. పైకి చదివితే "డి-డి-డిమాండు" అని వచ్చేది. అయితేనేం? కుదుపుకి ఒక్కో పాఠం అడుగు దాకా దిగిపోయేది, డబ్బాలో పప్పు దిగినట్టు!

చదువు రుచి మరిగాక నాకు మురికి సరిపోలేదు. ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతికాను. గుమ్మం పరదాలు, దిండు గలేబులు, ఆఖరికి మెషీన్ మీద కప్పే గుడ్డతో సహా ఉతికాను. "నా కోడలికి శుభ్రం ఎక్కువ!" అని అత్తగారు వీధంతా చెప్పుకున్నారు. పరీక్ష మార్చిలో. పుస్తకం సగమైంది. భగవంతుడా, ఆ మిగతా సగం అయ్యేవరకు ఈ మెషీన్ బాగుపడకుండా చూడు తండ్రీ, అని మొక్కుకున్నాను.

అయితే మా ఆయన ప్రమోద్ చాలా మంచివాడు. అక్కడే వచ్చింది చిక్కంతా!

ఒక సాయంత్రం కొట్టు నుంచి బియ్యం బస్తా ఒకటి భుజాన మోసుకొచ్చాడు. ఆయాసపడుతూ, చెమటలు కారుస్తూ వసారాలోకి వచ్చి, "దిగు, దిగు" అన్నాడు.

దిగాను. బస్తాని మెషీన్ మీద కూలేసి స్విచ్ వేశాడు. తిరిగింది. నేను కూర్చున్నప్పటికంటే నున్నగా తిరిగింది!

"రోజూ అలా కుదుపులో కూకుంటే నీ నడుమేటైపోతాది? నాకు బెంగగా ఉన్నాది. ఇంక నీకా కష్టం లేదులే" అన్నాడు.

"నైరుతిలో ధాన్యం! ఇంతకంటే ఏటి కావాలి?" అని మామగారు మురిసిపోయారు. అత్తగారు నా చేతిలో పుస్తకం తీసి అలమరా మీద పెట్టి, "చేతులు ఖాళీయే గదా, ఆ చింతపండు పిక్కలు తియ్యి" అన్నారు.

మీరే చెప్పండి, నేనేమనాలి? అంత ప్రేమగా చూస్తున్న మనిషితో, "నడుముకేం కాలేదండీ, నాకు సప్లై సూత్రం మిగిలిపోయింది" అని ఎలా అనేది? నవ్వాను. చింతపండు ముందేసుకున్నాను.

ఇప్పుడు మా మెషీన్‌కి ఏ లోపమూ లేదు. ఇది వంటింట్లో నిలబడి రాస్తున్నాను. తలుపులోంచి వసారా కనబడుతోంది. ఉతకడమూ పిండడమూ ఎప్పుడో అయిపోయాయి. దండెం మీద బట్టలు ఆరిపోయాయి కూడా. బస్తా మాత్రం మెషీన్ మీద అలాగే, కాలు మీద కాలేసుకున్నట్టు, హాయిగా ఉంది.

దాన్ని ఇంతవరకు ఎవరూ "ఏటి కూకున్నావు, లే" అనలేదు.