తొమ్మిదిన్నర మార్కుల సంగీతం

ఉదయం పదకొండు గంటలకు ఆఫీసు తలుపులు లోపలినుంచి గడియ పెట్టారు. హాల్లో ఉన్న పదకొండు మందిలో ఒకరు ఆటలో సంగీతం విన్నారు. ఆ ఒక్కరు ఎవరో తేలేదాకా గుమ్మం దాటడానికి వీల్లేదని ఎడిటర్ ఉత్తర్వు. ఫోన్లన్నీ ఒక అట్టపెట్టెలో వేయించారు. వీడియో గేములను సమీక్షించే ఆ వారపత్రిక చరిత్రలో ఇలాంటి విపత్తు ఎన్నడూ రాలేదు కాబట్టి, ముఖంలో ఎంత కంగారు చూపించాలో కూడా ఎవరికీ సరిగ్గా తెలియలేదు.

ఏడు వారాల కిందట ‘మబ్బుకోట’ అనే ఆట అమ్మకానికి వచ్చింది. పత్రిక దాని సంగీతానికి పదికి తొమ్మిదిన్నర మార్కులు వేసింది. ఏడో అంకంలో వీరుడు వంతెన దాటుతుంటే వెనక వయొలిన్ ఏడుస్తుందనీ, ఏడిపిస్తుందనీ నాలుగు కాలమ్‌లలో రాసింది. పన్నెండు వేలమంది పాఠకులు తామూ ఏడ్చామని ఉత్తరాలు పంపారు. ఒకాయన ఆ వయొలిన్ విన్న రోజే, మూడేళ్లుగా మాటల్లేని బావమరిదికి ఫోన్ చేసి రాజీ పడ్డాడు. ఇలా అందరికీ మేలే జరుగుతుండగా, నిన్న ఆటను తయారుచేసిన కంపెనీకి సంతకం లేని ఉత్తరం ఒకటి చేరింది. ‘మీ ఆటలో గాలి చప్పుడుంది, అడుగుల చప్పుడుంది, సంగీతం లేదు. దయచేసి పెట్టండి.’

కంపెనీవారు చూసుకున్నారు. నిజంగానే లేదు. ఆటను కట్టగట్టి పంపిన రోజు హడావుడిలో సంగీతం ఉన్న ఫోల్డరు ఒకటి వెనక ఉండిపోయింది. ఇందులో కంపెనీ బాధపడటానికి ఏమీ కనిపించలేదు. లేకుండానే తొమ్మిదిన్నర వచ్చినదాన్ని ఇప్పుడు తెచ్చిపెట్టడం దండగని మేనేజర్లు ఏకగ్రీవంగా తీర్మానించారు. చిక్కల్లా కవరుతోనే వచ్చింది. ఆ కవరు మీద పత్రిక ముద్ర ఉంది. మీ మనుషుల్లో ఎవరో విన్నారు, వాళ్లెవరో కనుక్కుని నోరు మూయించండి, లేకపోతే వచ్చే సంచికనుంచి మా ప్రకటనల సంగతి మరిచిపోండి అని కంపెనీ పెద్దమనిషి ఫోన్లో మర్యాదగానే చెప్పాడు.

ఆ ఆఫీసులో వినడం ఎందుకు అంత నేరమైందో చెప్పాలి. పదేళ్ల కిందట పై అంతస్తు పళ్ల డాక్టరు ఫిర్యాదు చేశాడు. కింద తుపాకులు పేలినప్పుడల్లా తన చెయ్యి అదిరి మంచి పళ్లు ఊడొస్తున్నాయన్నాడు. ఆ రోజునుంచి హాల్లో శబ్దం నిషిద్ధం. యాజమాన్యం మేలురకం హెడ్‌ఫోన్లు పదకొండు కొన్నది. అవి మేలురకం కాబట్టి పాడవకుండా బీరువాలో పెట్టి తాళం వేసింది. సంగీత సమీక్ష మాత్రం ఒక్క వారం కూడా ఆగలేదు. గోడమీద వాద్యాల పట్టిక వేలాడుతుంది. ఒక నెల వేణువు ఏడిస్తే మరుసటి నెల వయొలిన్. ఆ పై నెల పియానో. ఒకే వాద్యం వరసగా రెండు నెలలు ఏడవకుండా చూడటంలో ఆ పత్రిక పాటించిన నిజాయితీని పోటీ పత్రికలు సైతం మెచ్చుకునేవి.

విచారణాధికారిగా ప్రకటనల మేనేజరును నియమించారు. నేరం వల్ల నష్టపోయేది ఆయన శాఖే కనుక నిష్పక్షపాతంగా ఉంటాడని ఎడిటర్ నమ్మకం. ఆయన మొదట బీరువా తెరిపించాడు. పదకొండు హెడ్‌ఫోన్లూ ప్లాస్టిక్ తొడుగుల్లో, పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అంటే నేరస్థుడు సొంత సాధనాలతో వచ్చాడన్నమాట. పథకం ప్రకారం జరిగిన నేరమని ఆయన కాగితం మీద రాసుకుని కింద గీత గీశాడు.

తర్వాత ఒక్కొక్కరినీ పిలిచాడు.

మొదట వచ్చినవాడు ఆ సమీక్ష రాసిన సీనియర్. అన్ని ఆటలకూ అవే మార్కులు వేస్తాడు కాబట్టి ఆయన్ని తొమ్మిదిన్నర గారు అంటారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క ఆట సంగీతమైనా విన్నానని నిరూపిస్తే ఈ క్షణమే రాజీనామా చేస్తానన్నాడు. ఎడమ చెవి పనిచేయదని డాక్టరిచ్చిన కాగితం చూపించాడు. కుడిచెవి మాట అడిగితే, అది పనిచేస్తుంది గాని దాన్ని ఎప్పుడూ ఉద్యోగానికి వాడలేదన్నాడు. విచారణాధికారి లేచి నిలబడి ఆయనతో కరచాలనం చేశాడు.

ఆటల్లో కత్తియుద్ధాల గురించి రాసే నిపుణుడు తాను మొదటి అంకమే దాటలేదనీ, మిగతాది ఎవరో ఆడి పెట్టిన వీడియోను రెట్టింపు వేగంతో చూశాననీ ఒప్పుకున్నాడు. అదీ శబ్దం లేకుండానే. తను ఆటల పత్రికలో పనిచేస్తున్నట్టు అత్తగారికి ఇంకా తెలియదట. ఆ తర్వాత వచ్చిన ఇద్దరూ ఒకరి సమీక్ష చూసి ఒకరు రాస్తారని తేలింది. మొదట రాసేది ఎవరని అడిగితే ఇద్దరూ చాలాసేపు ఆలోచించి, తేల్చలేక, ఒకరినొకరు క్షమించుకున్నారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి పదిమంది నిర్దోషులుగా బయటపడ్డారు. పదిమందీ ఏమీ వినలేదని రుజువైనందుకు ఎడిటర్ అందరి భుజాలూ తట్టాడు. ఇలాంటి సిబ్బంది ఉన్నంతకాలం ఈ పత్రికకు ఢోకా లేదన్నాడు.

మిగిలింది ప్రూఫులు దిద్దే ఆవిడ. ఎడిటర్‌తో సహా అందరూ ఆవిణ్ణి అక్కయ్య అనే పిలుస్తారు. ఆవిడ ఎర్రపెన్నుకి మూత పెట్టి, అడక్కముందే చెప్పింది.

“విన్నది నేనేనండి.”

“పొరపాటున చెవిన పడి ఉంటుంది కదక్కయ్యా,” అన్నాడు ఎడిటర్, దారి చూపిస్తున్నట్టుగా.

“లేదండి. కావాలనే విన్నా. అందరూ వెళ్లాక ఇక్కడే మొత్తం ఆట రెండుసార్లు ఆడి మరీ విన్నా. ఆ సంగీతం కట్టింది మా తమ్ముడు.”

ఆటలకు సంగీతం కట్టేవాళ్లకు అక్కలు ఉంటారని హాల్లో ఎవరికీ అప్పటిదాకా తోచలేదు.

ఆవిడ చెప్పినదాన్నిబట్టి, తమ్ముడు నాలుగేళ్లు వెనకగదిలో, వీధి చప్పుడు రాకుండా కిటికీలో దిండు కుక్కి, ఆ సంగీతం కట్టాడు. వంతెన దగ్గర వచ్చేది వాళ్లమ్మ కుట్టుమిషను తొక్కిన లయ. కాలు ఆపి, దారం తెంపి, మళ్లీ తొక్కే చోటు కూడా అందులో ఉంది. నాలుగేళ్లు గోడ అవతలినుంచి విన్నది కాబట్టి ఆవిడకి ఏ దెబ్బ ఎక్కడ పడుతుందో తెలుసు. ప్రూఫులో వయొలిన్ కనబడగానే అనుమానం వచ్చింది. తమ్ముడి దగ్గరున్న పాత కంప్యూటర్‌లో ఆ ఆట నడవదు. అతను సమీక్ష చదివి, నేను వయొలిన్ వాడలేదే అక్కా అని కాసేపు ఆలోచించి, పెద్దవాళ్లు, వాళ్లకలా వినిపించిందేమోలే అని సర్దుకున్నాడట.

“అతనికి చెప్పావా మరి?” అన్నాడు ఎడిటర్.

“ఎలా చెప్పనండి? ఆ సమీక్ష కత్తిరించి గోడకి అంటించుకున్నాడు.”

విచారణాధికారి ఉద్యోగం మాట ఎత్తాడు. ఆవిడ బెదరలేదు. ఉంచుకుంటే ఉంచుకోండి, తీసేస్తే తీసేయండి, వాడి సంగీతం మాత్రం ఆటలో పెట్టించండి, అందుకు ఏ కాగితం మీద సంతకం పెట్టమంటే దానిమీద పెడతానంది. ఎడిటర్ కంపెనీవారితో గంటసేపు ఫోన్లో మాట్లాడాడు. చివరికి ఉభయులకూ గౌరవప్రదమైన ఒప్పందం కుదిరింది. సంగీతాన్ని ‘చిన్నచిన్న మరమ్మతులు’ అనే పేరుతో చడీచప్పుడు లేకుండా ఆటలో చేరుస్తారు. బదులుగా ఆవిడ ఒక పత్రం రాసివ్వాలి. ‘ఇందుమూలంగా ధ్రువీకరించునది ఏమనగా, సదరు ఆటయందు నేను నా రెండు చెవులతోనూ ఏమియూ వినియుండలేదు.’ ఆవిడ అందులో రెండు తప్పులు దిద్ది సంతకం చేసింది. ఆ విధంగా, తమ్ముడి సంగీతాన్ని నలుగురికీ వినిపించడానికి తాను వినలేదని ఆవిడ ఒప్పుకుంది. తలుపులు తీశారు.

శుక్రవారం నాడు మబ్బుకోటలోకి సంగీతం వచ్చింది.

సోమవారానికి ఉత్తరాలు మొదలయ్యాయి. ఎంతో మధురమైన పాత సంగీతాన్ని తీసేసి ఇదేమిటని పాఠకులు నిలదీశారు. వయొలిన్ ఏమైందని ఒకరు, మా కన్నీళ్లకు విలువ లేదా అని ఇంకొకరు. పాత సంగీతంలో ఉన్న ప్రాణం దీంట్లో లేదని పన్నెండు వేలమందీ ముక్తకంఠంతో చెప్పారు. బావమరిదితో రాజీపడ్డ పెద్దమనిషి ఆ రాజీ రద్దు చేసుకున్నాడు. ఒక్కరు మాత్రం ఇది కుట్టుమిషను చప్పుడులా ఉందని విసుక్కున్నారు. నిజంగా విన్నది ఆ ఒక్కరే. తొమ్మిదిన్నర గారు ఉత్తరాలన్నీ ఓపిగ్గా చదివి, సంగీతాన్ని పునస్సమీక్షించి, మార్కులు నాలుగుకి తగ్గించారు. ఈసారి కూడా ఆయన తన పద్ధతి తప్పలేదు, ఏమీ వినలేదు.

గొడవ ముదిరి పాఠకుల సంఘం సభ పెట్టింది. అద్దెహాలు నిండిపోయింది. పాత సంగీతాన్ని తక్షణం పునరుద్ధరించాలని, దాన్ని నాశనం చేసినవాడి పేరు ఇక్కడే, ఇప్పుడే చెప్పాలని అధ్యక్షుడు తీర్మానం చదివాడు. కంపెనీ ప్రతినిధి ఎడిటర్ వైపు చూశాడు. ఎడిటర్ లేచి మైకు సవరించుకున్నాడు.

“కళాభిమానులారా, మీ ఆవేదన నా ఆవేదన. మీ చెవులు సామాన్యమైనవి కావు. పత్రికను నడిపిస్తున్నవే ఆ చెవులు. వాటిని మోసం చేయడం ఎవరి తరమూ కాదు. మా పత్రిక సమగ్ర విచారణ జరిపింది. తప్పు కంపెనీది కాదు, పత్రికది కాదు, మీది అసలే కాదు. మీరంతా ప్రాణంలా చూసుకున్న ఆ మహత్తర సంగీతాన్ని చెడగొట్టినవాడు, ఈ ఆటకి సంగీతం కట్టినవాడే.”

హాలు భగ్గుమంది. పేరు, పేరు అని అరిచారు. ఎడిటర్ చేతిలో కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పాడు. నాలుగు కాలమ్‌ల సమీక్షలోగాని, విచారణ నివేదికలోగాని, పన్నెండు వేల ఉత్తరాల్లోగాని ఆ పేరు ఎక్కడా లేదు. ఆయన మెల్లగా, మూడో వరసలో ఉన్న ప్రూఫుల ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ నడిచివచ్చి మైకు ముందు నిలబడింది. గోల సద్దుమణిగేదాకా ఆగింది.

“దోషి పేరు కావాలన్నారు కదా. రాసుకోండి. తప్పుల్లేకుండా రాసుకోండి.”

ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం మింగకుండా, నిదానంగా చెప్పింది. హాల్లో అందరూ తలలు వంచి రాసుకున్నారు. తన సంగీతం గురించి ఎక్కడో సభ జరుగుతోందని విని, బస్సు దొరక్క ఆలస్యంగా అప్పుడే వచ్చి ఆఖరి వరసలో కూర్చున్న తమ్ముడు, మైకులో తన పేరు వినబడగానే చొక్కా సర్దుకుని, చేతులు జోడించి లేచి నిలబడ్డాడు.