జబ్బూ నేనే, మందూ నేనే

మందు సీసాలో ఉంటుంది, మాత్రలో ఉంటుంది, మరీ మొండి రోగమైతే సూదిలో ఉంటుంది. ఈ వయసు దాకా నాకు తెలిసింది అంతే. సంచిలో కూడా ఉంటుందని ఈమధ్యే తెలిసింది. నాలుగు చీరలు, ఒక తువ్వాలు, మోకాళ్లకు రాసుకునే నూనె, చదువుకోవడానికి రెండు పుస్తకాలు, రాసుకునే నోటుబుక్కు ఒకటి. జిప్పు లాగితే మందు తయారు! పదిహేను రోజుల కోర్సు. ఆ మందును ఇంట్లోంచి పంపించెయ్యాలి. ఎందుకంటే ఆ మందు నేనే.

కంగారు పడకండి, మొదట్నుంచీ చెబుతాను.

నా వాదన ఒక్కటే. జబ్బుకి పేరు దొరక్కపోవడమంత అదృష్టం మనిషికి ఇంకోటి లేదు! పేరున్న జబ్బు కూడా ఒక జబ్బేనా? ఒక డాక్టరు, ఒక చీటీ, రెండు మాత్రలు, ఇంటికొచ్చి పడుకోవడం. అందులో లోకజ్ఞానం ఏముంది? పేరులేని జబ్బు అలా కాదు. మెట్లెక్కిస్తుంది, దింపుతుంది, నలుగురి మాటలూ వినిపిస్తుంది, ఓర్పు నేర్పుతుంది.

మా కోడలికి అలాంటి జబ్బే పట్టింది. ఆమె కళ్లజోళ్ల షాపులో పని చేసేది. ఏడాదిన్నర కిందట నడుములో మొదలైన నొప్పి పొట్టలోకి పాకి, అక్కణ్నుంచి కాళ్లలోకి దిగింది. తర్వాత కళ్లు తిరిగి పడిపోవడం మొదలైంది. ఒకసారి ఒక పెద్దమనిషికి కొత్త కళ్లజోడు పెట్టి, "ఇప్పుడు కనిపిస్తోందాండీ?" అని అడుగుతూనే కౌంటరు వెనక మాయమైపోయిందట. "ఎవరూ కనిపించట్లేదమ్మా!" అన్నాడట ఆయన.

ఆసుపత్రికి బయల్దేరాం. అక్కడ మనిషిని అంతస్తుల వారీగా పంచుకున్నారు. ఎముకలు ఒకటో అంతస్తు, పొట్ట రెండు, నరాలు మూడు, గుండె నాలుగు. మా కోడలు ఒక్కతే గానీ దాని నొప్పి అన్ని అంతస్తుల్లోనూ ఉంది. ఎముకలాయన ఎముకలు నార్మల్ అన్నాడు. పొట్టాయన పొట్ట నార్మల్ అన్నాడు. నరాలాయన తల కూడా ఎత్తకుండానే నార్మల్ అన్నాడు. మొత్తం పదకొండు నార్మల్‌లు! బడిలో ఏనాడూ ఫస్టు రాని పిల్లకి! ఆ ఫైలు చంకలో పెట్టుకుని నేను ముందు నడుస్తుంటే, అంతటి ఆరోగ్యవంతురాలు గోడ పట్టుకుని వెనకాల వచ్చేది.

"నొప్పి ఎక్కడ?" అని అడిగేవాళ్లు. నడుములో, పొట్టలో, కాళ్లలో అంటే, "అలా కాదమ్మా, ఒక్కటి చెప్పండి" అనేవాళ్లు. ఫారంలో ఒక్క గడే ఉంది మరి! "పదికి ఎంత?" అంటే "ఏడండీ" అంది ఒకసారి. "నవ్వుతూ చెప్తున్నారే!" అని నాలుగుకి దించారు. ఇంకోసారి ఏడుస్తూ తొమ్మిదంది. అప్పుడేమో దిగులన్నారు. నవ్వితే నొప్పి లేనట్టు, ఏడిస్తే ఉన్నది నొప్పి కానట్టు! మరి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో అపాయింట్‌మెంటు చీటీ మీదే అచ్చేస్తే బాగుండును కదా?

డాక్టర్ల ఎదుట పడిపోతే నమ్ముతారని నాకు ఆశగా ఉండేది. అదీ తీరింది. లిఫ్టులో రెండుకీ మూడుకీ మధ్య పడిపోయింది. తలుపు తెరుచుకుంటే రెండో అంతస్తు నర్సు "పైకి తీసుకెళ్లండి" అంది. పైన నర్సు "కిందే పడిందన్నారుగా?" అంది. లిఫ్టు నడిపే ఆయన ఒక్కడే తన స్టూలు జరిపి "ముందు కాళ్లు దీని మీద పెట్టించమ్మా" అన్నాడు. పాపం, వైద్యం చదువుకోలేదు!

చదువుకోకపోయినా వైద్యం చేసేవాళ్లకు కొదవేం లేదు. రక్తం చాలదని పై వాటావిడ అంది. ఫోను చూసి చూసి అలా అయిందని మా చెల్లెలు తేల్చింది. సెలవు కోసం వేసిన ఎత్తు అని షాపు ఓనరు అన్నాడు. ఒక్క జబ్బు ఇంతమందిని డాక్టర్లను చేస్తే, అది దేశసేవ కాదా?

ఇక నా సంగతి. పొట్లం కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కనిపించినదల్లా చదవడం, రాసిపెట్టుకోవడం నాకు జబ్బు. దానికి మాత్రం పేరుంది, చాదస్తం. కోడలు నా కళ్లముందు పడిపోయిన ప్రతిసారీ నోటుబుక్కులో రాశాను. నలభై మూడుసార్లు. ఇంకా చాలా రాశాను. మనిషి చిక్కిపోతోంది. ఏసీలో కూర్చునే పిల్ల ఎండన పడ్డట్టు నల్లబడుతోంది, అరచేతి గీతల్లో సిరా ఇంకినట్టుంది. అన్నిటికన్నా వింత, వంటింట్లో ఉప్పు డబ్బా వారానికోసారి ఖాళీ అవుతోంది. చాటుగా వెళ్లి చూస్తే, చిన్నపిల్లలు పంచదార తిన్నట్టు అరచేతిలో పోసుకుని నాకుతోంది!

"ఏమే, ఇదేం పాడలవాటు?"

"ఏమో అత్తయ్యా, ఇది తింటే కాస్త నిలబడగలుగుతున్నా."

అది కూడా రాశాను. నాలుగో అంతస్తులో గుండె డాక్టరుకి చదివి వినిపించబోయాను. ఉప్పు అనే మాట వినగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉప్పు విషమమ్మా. వెంటనే మానిపించండి."

"బీపీ తక్కువుందన్నారు కదండీ?"

"ఇవాళ తక్కువుంటే రేపు పెరగదా?"

ఆహా! ఎంత ముందుచూపు! ఇంటికొచ్చి ఉప్పు డబ్బా అటక మీదికి ఎక్కించాను.

చివరికి మనసు డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన నన్ను బయట కూర్చోమని, లోపల కోడల్ని అరగంట అడిగాడు. మీ అత్తగారు మీతోనే ఉంటారా? మీరు ఎప్పుడు పడిపోయినా ఆవిడ పక్కనే ఉంటారా? రాసుకుంటారా? నిజమే, షాపులో తప్ప ఎప్పుడూ పక్కనే ఉంటాను. పడబోయే ముందు అది ఆవలించి, "అత్తయ్యా, వస్తోంది" అనేది. నేను అయిదు లెక్కపెట్టేలోపు వాలిపోయేది. ఆ అయిదులోపు దాని తల కింద చెయ్యి పెట్టడం నా ఉద్యోగం. నలభై మూడుసార్లలో ఒక్కసారి కూడా తలకు దెబ్బ తగలనివ్వలేదు. డాక్టరు దాన్ని ఇంకోలా లెక్కేశాడు. నలభై మూడుసార్లూ సంఘటనా స్థలంలో ఉన్నది ఎవరు? అత్త!

ఏడాదిన్నర వెతికితే దొరికిన జబ్బు నేనే! కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు, ఇంట్లో ఒత్తిడి అని. కోడలు గదిలోంచి వస్తూనే మండిపడింది.

"ఇదేం విడ్డూరం! మా అత్తయ్య లేకపోతే నా బుర్ర ఎప్పుడో పగిలేదని చెప్పినా వినడే!"

"ఊరుకోవే, డాక్టరుగారు కదా" అన్నాను. నిజం చెప్పొద్దూ, లోపల నాకూ కాస్త సంతోషంగానే ఉంది. నేను వెళ్లిపోతే అది బాగుపడుతుందంటే, ఇంత చౌక మందు ఎక్కడ దొరుకుతుంది?

అలా సంచి సర్దుకున్నాను. చెల్లెలింటికి ప్రయాణం. నాకు ఎడబాట్లంటే భయం. గుమ్మం దాటేవాళ్లెవరూ "వెళ్తున్నా" అనకూడదు, "వెళ్లొస్తా" అనాలని ప్రాణం తీస్తాను. ఆ అలవాటు కొద్దీ నేనూ "వెళ్లొస్తానే" అన్నాను.

కోడలు తలుపుకి ఆనుకుని నవ్వింది. "జబ్బు వెళ్లొస్తానంటే ఎలా అత్తయ్యా? వెళ్తున్నానని చెప్పాలి!"

నవ్వుకుంటూనే బస్సెక్కాను.

మందు పదకొండు రోజులు పనిచేసింది. పన్నెండో రోజు పొద్దున మా అబ్బాయి డ్యూటీకి వెళ్లాక కోడలు వంటింట్లో పడిపోయింది. చూసింది పై వాటావిడ. అటక కింద స్టూలు వేసి ఉందట. డబ్బా మాత్రం అటక మీదే ఉంది.

సంచితో సహా ఎమర్జెన్సీ వార్డులోకి వెళ్లాను. అక్కడ ఒక డాక్టరమ్మ, నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కోడలి అరచెయ్యి తిప్పి దీపం కింద చూసి, మా అబ్బాయిని అడిగింది.

"ఈవిడ ఉప్పు ఎక్కువ తినేవారా?"

ఏడాదిన్నరలో ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు! నేను సంచి జిప్పు లాగి నోటుబుక్కు చేతికిచ్చాను. ఆమె నిలబడే మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది.

"ఇది ఎవరికైనా చూపించారా అమ్మా?"

"నాలుగు అంతస్తుల్లోనూ చూపించానమ్మా."

ఆమె నర్సుని పిలిచి, ఒక్క గొట్టం రక్తం తీయించి, ఫలితం రాకముందే సూది మందు మొదలుపెట్టింది.

శుక్రవారం రిపోర్టు వచ్చింది. జబ్బుకి పేరుంది. మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటాయట, అవి పనిచేయడం మానేశాయట. ముందే తెలిస్తే ఏం చేసేవారని అడిగాను. చెప్పానుగా, పేరున్న జబ్బు కూడా ఒక జబ్బేనా! ఒక డాక్టరు, ఒక చీటీ, రోజూ రెండు మాత్రలు, ఇంటికొచ్చి పడుకోవడం.

వెళ్లొస్తానన్న నేను వెళ్లి వచ్చాను. నా కోడలు తిరిగి రాలేదు. రిపోర్టు రావడానికి ముందురోజు, గురువారం, సాయంత్రం నాలుగుంబావుకి పోయింది.