సంపత్ గంజులో అధికారిక నమూనా

దాహం పుట్టుకతో వచ్చే హక్కే గానీ, దాన్ని దేనితో తీర్చుకోవాలన్నది మాత్రం పరిపాలనా విషయం. ఈ సంగతి తెలియక మెట్‌పల్లి సంపత్ చిక్కుల్లో పడ్డాడు.

గల్ఫ్ హోటళ్లలో ఏళ్ల తరబడి గిన్నెలు తోమి వచ్చిన సంపత్‌కు ఒకటే కోరిక. అచ్చంగా బార్లీ గింజల నుంచి తన చేత్తో బీరు కాచి, ఒక్క గ్లాసు తాగాలి. వీడియోలు చూసి పద్ధతంతా బట్టీ పట్టాడు. మొలకెత్తించి ఆరబెట్టిన గింజల్ని బరకగా పట్టించి, వేడినీళ్లలో నానబెట్టి, తీపి దిగిన నీళ్లు వడకట్టాలి. వాటిని చేదునిచ్చే హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి పులియనివ్వాలి. ఇంతవరకూ తప్పేమీ లేదు. అతను పోయి పోయి పర్మిషన్ అడిగాడు.

స్వహస్త పానీయాల విచారణ విభాగంలో అధికారి మమతారాణి అతన్ని మర్యాదగా కూర్చోబెట్టింది. "ఇండ్లల్ల కాసుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు. అడిగినోళ్లు మీరొక్కరే," అని బాధపడింది. నిబంధన ప్రకారం నమూనా చూడకుండా అనుమతి ఇవ్వరాదు, అనుమతి లేకుండా నమూనా కాయరాదు. (ఈ రెండు నిబంధనలూ ఒకే బల్ల మీద పుట్టాయి, ఇప్పటికీ ఒకదాన్నొకటి గౌరవించుకుంటాయి.) మనసున్న మనిషి కాబట్టి ఆమె 'నమూనా కాచుటకు తాత్కాలిక అనుమతి' ఇచ్చి, పర్యవేక్షకుడిగా దశరథాన్ని వెంట పంపింది.

మొదటి దెబ్బ పిండి గిర్నీ దగ్గర తగిలింది. "గింత బరకగ పడితె రొట్టె ఇరుగుతది సంపతూ," అని గిర్నీ భూమన్న, అడిగినదాన్ని పక్కన పెట్టి మెత్తటి పిండి పట్టి ఇచ్చాడు. నీళ్లలో పడగానే అది ముద్దయింది. ఎంత వడకట్టినా చుక్క దిగలేదు. ఇంటి బర్రె మాత్రం సంతృప్తిగా తిన్నది. రెండోసారి దశరథం గిర్నీలోనే నిలబడి, బరకతనాన్ని వేళ్ల మధ్య నలిపి ధ్రువీకరించాడు.

గింజలు నానబెట్టిన గంజు పాత్రలో వేడి తగ్గకుండా సంపత్ తల్లి కిష్టవ్వ పాత బొంత చుట్టింది. దశరథం దాన్ని 'ఉష్ణ నియంత్రణ పరికరం' అని నమోదు చేసి, కాసేపు దానికి ఆనుకొని పడుకున్నాడు.

బీరు బంగారు రంగులో, మంచి నురగతో తయారైంది. విభాగమంతా వచ్చింది. రంగు పరీక్షకు కొంత, నురగకు కొంత, రుచికి కొంత పోయింది. రుచి ఫలితం మీద భిన్నాభిప్రాయం రావడంతో అప్పీలు కూడా అక్కడే విచారించారు. చివరికి ఒక్క గ్లాసు మిగిలింది. సంపత్ దాన్ని నోటి దాకా ఎత్తాడు.

"ఆగు బిడ్డా," అంది కిష్టవ్వ. "ఇంట్ల తొలుత అయినదాన్ని నోట్లె పోసుకుంటరా? పోచమ్మకు సాక పొయ్యాలె."

గ్లాసు తీసుకుపోయి గల్లీ చివర అమ్మవారి ముందు ధారగా పోసింది. చేతికి ఎముక లేని మనిషి, చుక్క మిగల్చలేదు. సంపత్‌కు ఏడుపొక్కటే తక్కువ.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. నమూనా అత్యుత్తమం. అయితే దరఖాస్తులో లేని మూడో వ్యక్తికి సరఫరా చేసినందున అనుమతి నిలిపివేయడమైనది. సదరు పోచమ్మ గారి వయసు ధ్రువపత్రంతో పాటు మరో నమూనా (ఈసారి పెద్ద గంజులో) సమర్పించవలెను.

సంపత్ ఆఫీసుకు ఉరికాడు. "మేడమ్, పోచమ్మకు వయసు కాయితం నేనెక్కడ తేవాలె? నేనైతే ఇంక నాలికె మీద చుక్క ఏసుకోలే."

మమతారాణికి నిజంగానే జాలేసింది. "ఫికర్ చెయ్యకుండ్రి. గా కిటికీలకెళ్లి చూడుండ్రి, ఎదురంగనే లైసెన్సున్న బీరు దుకాణమున్నది. అండ్ల ఎవ్వల వయసు అడుగరు."