ధనశ్రీ చెప్పబోయిన ఒక్క ముక్క

ఆ సోమవారం ఉదయం ధనశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు కాఫీ షెడ్డుకి వెళ్ళాలి. కాటా తుడిచిపెట్టాలి. యజమాని బిజయ్ బాబు రాగానే ఒక్క ముక్క చెప్పేసి, ఆ తరువాత ఏమవుతుందో చూడకుండా తల వంచుకుని పొట్లాలకు లేబుళ్ళు అంటించుకోవాలి.

ఆ ఒక్క ముక్క ఏమిటంటే, అప్పలనరసింహం బాబాయి పనివేళలో గంజాయి పీలుస్తున్నాడని.

షెడ్డు జయపురం ఊరి చివర ఉంది. కొరాపుట్ కొండల మీద కాసిన కాఫీ గింజలు అక్కడికే వస్తాయి. ఆడవాళ్ళు ఏరుతారు, నరసింహం వేయిస్తాడు. గింజ చిటపటలాడే చప్పుడు విని మంట తగ్గించే మనిషి ఆయన. ధనశ్రీకి ఆ పని ఇప్పించిందీ ఆయనే. బొయిపరిగుడ దగ్గరి పల్లె బడిలో చదువు ముగించి, నాన్నమ్మ ఇంట్లో ఉండి పనికి వచ్చిన కొత్తలో, ఎవరైనా పేరు అడిగితేనే ఆ పిల్లకు ఏడుపొచ్చేది. నరసింహం గింజలు వేయించే డ్రమ్ము పక్కన ఒక పీట వేసి, "కూకో అమ్మి. ఇక్కడ నేనే మాటాడతాను, నువ్వు ఊఁ కొట్టు, సాలు" అన్నాడు.

అలా ఊఁ కొడుతూనే ఆమె ఆయన కబుర్లలో పాత జయపురమంతా చూసింది. ఘాట్ రోడ్డులో లారీ ఆగిపోతే డ్రైవరూ క్లీనరూ అక్కడే అన్నం వండుకుని మంచు విడిచేదాకా పాటలు పాడుకున్న రోజులు. నరసింహం కట్టెల మంట మీద గింజలు వేయించడం నేర్చుకుంటూ మీసం కాల్చుకున్న రోజు. ఆ కాలిన మీసం చూసి ఆదెమ్మ నవ్వి, ఆ నవ్వుకే ఆయన ఆమెను పెళ్ళిచేసుకున్న సంగతి. ఆదెమ్మ పోయినేటి వానల్లో పోయింది. అప్పటినుంచి ఆయనకు ఆ డ్రమ్మూ, దాని కింది మంటా తప్ప ఎవరూ లేరు.

అలాంటి మనిషి కొన్నాళ్ళుగా భోజనం కాగానే గోదాము వెనక్కి వెళుతున్నాడు. అక్కడినుంచి పొగ లేస్తుంది. కాసేపటికి కళ్ళు ఎర్రగా చేసుకుని, తనలో తనే కూనిరాగం తీసుకుంటూ తిరిగి వస్తాడు. గంజాయి వాసన ఎలా ఉంటుందో ధనశ్రీకి తెలియదు. అందుచేత తనకు తెలియని ఆ వాసన గంజాయిదే అని తేల్చుకుంది. పైగా పోలీసులు వచ్చి మీటింగు పెట్టి, పనిచోట మత్తు కనిపిస్తే యజమానికి చెప్పాలని ఒక బోర్డు కూడా తగిలించి వెళ్ళారు. చెబితే బాబాయి పని పోతుంది. చెప్పకపోతే ఏదో ఒకరోజు మత్తులో చెయ్యి మంటలోకి పోతుంది. ఈ రెంటి మధ్య ఆమెకు వారం రోజులుగా నిద్ర లేదు.

బయలుదేరే ముందు నాన్నమ్మ అమ్మణ్ణిని ఒకమాట అడిగి వెళదామనుకుంది. పేరు చెప్పకుండా అడిగితే తప్పేముంది?

"నాన్నమ్మా, ఒకలున్నారనుకో. మంచోలే. పనికాడ ఏదో మత్తు పీలస్తన్నారు. పెద్దోలకి సెప్పాలా, ఊరుకోవాలా?"

అమ్మణ్ణి చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, చుట్టల కట్ట ఒకటి తెచ్చి మనవరాలి ముందు పడేసింది.

"ఇంతే ఉన్నాయి. ఒట్టు. మీ నాన్నకి మాత్రం ఫోను సెయ్యకు."

"నీ గురించి కాదు నాన్నమ్మా."

"నా గురించి కాకపోతే నా మొకం సూసి ఎందుకడుగుతావే? పెద్దాసుపత్రి దాక్టరుబాబుకి మానేసేనని సెప్పింది అబద్దమేటి? మానేసేను. ఆ దినమంతా మానేసేను. నిప్పు నోట్లోకెట్టి అడ్డపొగ పీలిస్తే పొగ బయటికి రాదు కదా, ఈ అమ్మికెలాగ తెలిసిందబ్బా."

ధనశ్రీ చుట్టల కట్టను తిరిగి బియ్యంలోనే దాచి, ఆలస్యంగా షెడ్డుకి చేరింది. అప్పటికే గింజలు ఏరే ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. వాళ్ళకు పెద్ద పైడితల్లి. లోకం చూసిన మనిషి కదా అని ధనశ్రీ పక్కన చేరి, మెల్లగా అదే ప్రశ్న అడిగింది.

పైడితల్లి చేతిలో గింజలు ఆగిపోయాయి. "ఎవులడగమన్నారు నిన్ను? బాబేనా?"

"ఎవులూ అడగమన్నేదు అత్తా. నాకే తెల్డంలేదు."

"తెల్డంలేదంతావు, అన్నీ తెలిసే అడుగుతావు. నంగనాచి."

ఆ వరసలో కూర్చున్న ప్రతి ఆడదాని బొడ్లోనూ గుడాఖు డబ్బా ఉంది. పళ్ళకు రుద్దుకునే పొగాకు ముద్ద అది. రుద్దితే కాసేపు తల తిరుగుతుంది, తరువాత పని సాగుతుంది. పైడితల్లి కనుసైగ చేయగానే డబ్బాలన్నీ కాఫీ పొట్టు బస్తాలోకి వెళ్ళిపోయాయి. ఎండ ముదిరేసరికి గుడాఖు పడని తలలన్నీ పగిలిపోసాగాయి. మంచి గింజలు నల్ల గింజల్లో పడ్డాయి. ఇద్దరు వియ్యపురాళ్ళు ఎప్పటిదో పెళ్ళిలో అప్పడం వడ్డించలేదని పోట్లాడుకున్నారు.

బిజయ్ బాబు వచ్చి, "క్యా హువా? ఎందుకు గొడవ?" అన్నాడు.

"మాకేటి తెలుసు బాబూ. ఎవులో మత్తు తింతన్నారంట. ధనశ్రీ సెప్పేస్తాదంట" అంది పైడితల్లి.

బిజయ్ బాబు ముఖం మాడిన గింజలా అయింది. ధనశ్రీని తన బల్ల దగ్గరికి పిలిపించుకున్నాడు. ఆమె వారం నుంచి కూడదీసుకున్న ఒక్క ముక్కా గొంతులోకి వచ్చింది. ఆయన చెప్పనివ్వలేదు.

"చూడు ఝియ, నువ్వు నా కూతురులాంటిదానివి. అది మత్తు కాదు, శివుడి ప్రసాదం. సోమవారం ఒక్కరోజే. మా అత్తగారే భంగు నూరి పంపుతుంది. పోలీసుకి ఆవిడ పేరు మాత్రం చెప్పకు, నేను ఇంటికి వెళ్ళలేను."

"అది కాదు బాబూ..."

"మధ్యాహ్నం నిద్రమాత్ర గురించా? అది సగమే." ఆయన లేచి నిలబడ్డాడు. "నువ్వు మాట్లాడవని అందరూ అంటారు. మాట్లాడని వాళ్ళే అన్నీ చూస్తారు."

ధనశ్రీ ఏమీ చెప్పకుండానే బయటికి వచ్చింది. అన్నీ చెప్పేసి వచ్చిందని అందరూ అనుకున్నారు. ఆమెకు దారిస్తూ పక్కకు జరిగారు. ఆ మధ్యాహ్నం నరసింహం గోదాము వెనక్కి వెళ్ళలేదు. ఆమె వైపు ఒక్కసారి జాలిగా చూసి, మంట ఆర్పి, తలనొప్పి అని చెప్పి తొందరగా వెళ్ళిపోయాడు. విషయం ఆయన దాకా పోయిందని, భయపడి పారిపోయాడని ధనశ్రీకి అనిపించింది. లేబుళ్ళన్నీ తలకిందులుగా అంటించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఆయన చెప్పులున్నాయి. లోపల నరసింహం నాన్నమ్మ ఎదుట కూర్చుని తువ్వాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు. వయసులో చిన్నవాడైనా చనిపోయిన తాతయ్యకు ఆయన స్నేహితుడు.

"తిట్టకమ్మా. సిన్నపిల్ల. నేనే పనిలో ఎట్టేను, పాపం నాదే" అంటున్నాడు.

అమ్మణ్ణి మనవరాలిని చూడగానే లేచింది. "ఏదీ, నాలిక సూపించు."

"ఎందుకు?"

"వారం నుంచి కళ్ళెర్రగా ఉన్నాయంట. ఒక్కద్దానివే గొణుక్కుంతన్నావంట. పనోలు తిండి తింతంటే గోదాము ఎనక్కెల్లి గాలి వాసన సూస్తన్నావంట. ఇయ్యాల బాబు పిలిచి మందలించేడంట. సెప్పవే, ఏటి పీలస్తన్నావు?"

పెద్దవాళ్ళకు చెప్పాలా వద్దా అని ధనశ్రీ వారమంతా తేల్చుకోలేకపోయిన పనిని బాబాయి ఒక్క మధ్యాహ్నంలో చేసేశాడు. అప్పుడు ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడింది.

"నేను కాదు నాన్నమ్మా, పీలిచేది బాబాయే. రోజూ అక్కడ పొగెడతన్నాడు. కళ్ళెర్రగా వస్తన్నాడు. సెప్తే పని పోద్ది, సెప్పకపోతే సెయ్యి కాలిపోద్దని నాకు నిద్దర్నేదు."

నరసింహం తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. తరువాత, "అది మీ పిన్ని పొగాకమ్మా" అన్నాడు.

ఆదెమ్మకు పొగాకు అలవాటు. ప్రతి సంతనాడూ బొయిపరిగుడ వెళ్ళేది. అక్కడ కొండ ఊళ్ళ దేశియా భాష మాట్లాడే ఒక ముసలమ్మ పొగాకు అమ్మేది. ఆమె భాష ఈమెకు రాదు, ఈమె భాష ఆమెకు రాదు. అయినా ఇద్దరూ ఎండకు కట్టిన బరకం నీడలో పక్కపక్కన కూర్చుని, చెరొక చుట్టా కాల్చుకుంటూ, సంత ఎత్తేసేదాకా దేనికో నవ్వుకునేవారు. నరసింహం సంచి పట్టుకుని దూరంగా నిలబడి చూసేవాడు. ఆదెమ్మ పోయాక ఆ మాట చెప్పడానికే ఆయన సంతకు వెళ్ళాడు. ముసలమ్మ గంప అడుగునుంచి మెత్తటి ఆకు తీసి, నీ ఇంటిదానికోసమే దాచానంది. నిజం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. కాళ్ళనొప్పులు, రాలేకపోయింది అని తనకు వచ్చిన కాస్త దేశియాలో అన్నాడు. అప్పటినుంచి ఆ కాళ్ళనొప్పులు అలాగే ఉన్నాయి, ఆకు వస్తూనే ఉంది.

"నాకు పొగ పడదు. పారబొయ్యడానికి సెయ్యి రాదు. అందుకే రోజూ కాసింత పొట్టునిప్పు మీదేసి, పక్కన కూకుంతాను. కళ్ళు మండుతాయి గానీ, ఇంట్లో మనిషున్నట్టుంటాది."

అమ్మణ్ణి చెంగుతో ముక్కు తుడుచుకుంది. "అదంతా బాగానే ఉంది బాబూ. గానీ పోయిన మనిషికి కాళ్ళనొప్పులంటగట్టడమేటి? ఆ ముసిల్దానికి సెప్పీ. ఎదురుసూస్తంటాది కాదేటి."

"నావల్ల కాదమ్మా."

"నేను సెప్తాను" అంది ధనశ్రీ. వారమంతా ఒక్క ముక్క చెప్పడం సాధన చేసి చేసి, అది ఎక్కడో ఒకచోట వాడకపోతే వృథా అవుతుందనిపించింది.

షెడ్డులో మరుసటి రోజే గుడాఖు డబ్బాలు బొడ్లోకి తిరిగి వచ్చాయి. వియ్యపురాళ్ళు అప్పడం సంగతి మరిచిపోయారు. గోడకు సున్నం వేయించాలంటూ బిజయ్ బాబు పోలీసుల బోర్డు తీయించాడు. సున్నం మాత్రం వేయించలేదు.

సంతనాడు ఇద్దరూ బస్సెక్కారు. దారంతా ధనశ్రీ పెదవులు కదుపుతూనే ఉంది. దేశియా పల్లె బడిలో పక్కన కూర్చున్న పిల్లల దగ్గర నేర్చుకున్నదే, ఆదెమ్మ పోయిందన్న మాట చెప్పడం తేలికే. సంతలో ఉల్లి రాసులు దాటి, కోళ్ళ బుట్టలు దాటి, బరకం కిందికి చేరారు. ముసలమ్మ నరసింహాన్ని చూసి చేయెత్తింది. పక్కన పిల్లను చూసి నోరంతా తెరిచి నవ్వి, తన పక్కన ఖాళీగా ఉంచిన గోనెపట్టా మీద దుమ్ము దులిపింది. ఆ గోనె మీద ఏడాదిగా ఎవరూ కూర్చున్నట్టు లేదు.

ధనశ్రీ కూర్చుంది. ముసలమ్మ గంప అడుగునుంచి తడిగుడ్డ విప్పి, ఆకు తీసి, ఒకసారి తను వాసన చూసి ఆమె ఒళ్ళో పెట్టింది. నరసింహం ఇంటిది ఎలా ఉందని అడిగింది.

ధనశ్రీ నోరు తెరిచింది. ఆకు వైపు చూసింది. ముసలమ్మ వైపు చూసింది.

"బాగుంది" అంది.

నరసింహం కాసేపు కొండల వైపు చూసి, కాళ్ళనొప్పులు కూడా కొంచెం తగ్గాయని చెప్పాడు.